రెండు గడుల బంటు

చాటలో పెసర్లు పోసుకొని ఫెబా రాళ్లు ఏరుతున్నది. ఏరుతున్నదని మనం అనుకోవాలి, అంతే. ఐదు నిమిషాల నుంచి ఆమె ఒక్క రాయి కూడా తీసి పారెయ్యలేదు. ఎనిమిది పెసర గింజలు ఒక వరుసలో, వాటికి ఎదురుగా ఎనిమిది మట్టిపెళ్లలు ఇంకో వరుసలో నిలబడి ఉన్నాయి.

"రాళ్లు ఏరమంటే యుద్ధం పెట్టినవా?" వంటింట్లో నుంచి అమ్మ లీయా అడిగింది. జొన్న రొట్టె కొడుతున్న చప్పుడు ఆగింది. "పప్పుల రాయి తగిలితే తాత పండ్లు పోతయ్. ఉన్నయే నాలుగు."

"ఐదు!" అని వరండాలో నుంచి సొలొమోను తాత కేక వేశాడు.

ఫెబా పకపకా నవ్వింది. ఆ రోజు ఎవరు ఏమన్నా ఆమెకు నవ్వే వస్తున్నది. ఎందుకు రాదు? పొద్దున బడిలో చెస్ ఫైనల్ జరిగింది. ఆరో తరగతి ఫెబా గెలిచింది. వచ్చే శనివారం భాల్కిలో పెద్ద పోటీ. బడి తరఫున ఒక్కరే పోవాలి. ఆ ఒక్కరు ఫెబా.

అయినా ఒకటే చిక్కు. గెలిచిన ఆట ఇంతసేపు తలలో తిరగకూడదు. ఓడిన ఆటే అట్లా తిరుగుతుంది. మరి ఈ ఆట ఎందుకు తిరుగుతున్నది?

వరండాలో తాత, శంకరప్ప ఆడుకుంటున్నారు. శంకరప్ప తాతకు పాత దోస్తు, చింతకిలో రైతు. శనివారం వచ్చిందంటే బస్సెక్కి బీదర్‌లో దిగుతాడు. చేతిలో ఏదో ఒక మూట ఉంటుంది. ఈ వారం పెసర్లు తెచ్చాడు. మూట ఇంట్లో పెట్టి, చెప్పులు విడిచి, నేరుగా ఆటలో కూర్చుంటాడు. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే గాని లేవడు.

"ఇగో, మా ఛాంపియన్!" తాత పిలిచాడు. "ఎట్ల గెలిచినవో శంకరప్పకు చూపియ్యి బిడ్డా. ముప్పై ఏండ్ల సంది ఓడుతనే ఉన్నడు. జర నేర్చుకుంటడు."

"ఓడుడా? పోయిన వారం నీ వజీరును ఎవరు తిన్నరయ్యా?"

"ఆ దినం నాకు జ్వరం."

"ముప్పై ఏండ్ల సంది నీకు జ్వరమే."

ఫెబా చాట పక్కకు పెట్టి వచ్చి కూర్చుంది. పావులన్నీ మళ్లీ పేర్చింది. ఒక్కొక్క ఎత్తే వేసి చూపిస్తూ పోయింది. గుర్రం ఎట్లా దూకిందో చెప్పినప్పుడు తాత తొడ చరిచాడు. ఏనుగు పోయినప్పుడు శంకరప్ప "అయ్యయ్యో" అన్నాడు.

"ఇగ ఇక్కడ కష్టమైంది తాతా. దీపాలి బంటు ఇక్కడి దాకా వచ్చింది. నా బంటును ఒక గడి జరిపితే తినేస్తది. అందుకని రెండు గడులు జరిపిన. దాని పక్కకు పోయి నిలబడ్డది. తప్పించుకున్న!"

"ఆగాగు" అన్నాడు శంకరప్ప. "ప్యాదా రెండు గడులు పోవుడేంది?"

బంటును వాళ్లిద్దరూ ప్యాదా అంటారు. వాళ్ల ఆట పాత ఆట. అందులో ప్యాదా ఎప్పుడైనా ఒక్క గడే.

"బడిలో అట్లనే తాతా. మొదటిసారి రెండు గడులు పోవచ్చు."

"ప్యాదా అంటే నడిచే మనిషి. ఒక్కొక్క అడుగే వెయ్యాలె. రెండు గడులు పోనీకి వానికేమన్న బస్సున్నదా?"

"నువ్వు ఊకో శంకరప్పా. పిల్ల చెప్పనీ" అన్నాడు తాత. "తర్వాత?"

"తర్వాతనే చీటింగ్ చేసింది" అన్నది ఫెబా. కానీ ఆ మాట పొద్దున వచ్చినంత గట్టిగా రాలేదు.

పొద్దున ఏం జరిగిందో చెప్పాలంటే దీపాలి గురించి ముందు చెప్పాలి.

దీపాలి జూన్‌లో కొత్తగా చేరిన పిల్ల. ఊరు ఔరాద్ దిక్కు. ఇంట్లో మరాఠీ. బడిలో అందరూ కన్నడం మాట్లాడతారు, మనం మాత్రం తెలుగులోనే చెప్పుకుందాం. దీపాలికి కన్నడం ఇంకా సరిగ్గా రాదు. ఒక్కో మాట వెతుక్కొని, అది దొరికే లోపల ఎదుటివాళ్లు వెళ్లిపోతే ఊరుకుంటుంది.

ఫైనల్ ఆడుతుండగా సంగమేష్ సర్‌ను హెడ్ మేడమ్ పిలిచారు. సర్ అటు వెళ్లారు. ఇటు ఫెబా తన బంటును రెండు గడులు జరిపింది. దీపాలి కొంచెం సేపు చూసింది. తన బంటును మూలగా జరిపి, ఫెబా బంటు దాటుకొని వచ్చిన ఖాళీ గడిలో పెట్టింది. పక్కన ఉన్న ఫెబా బంటును తీసి బల్ల మీద పెట్టింది.

"ఏయ్! అదేంది? నా బంటు ఇక్కడుంటే నువ్వు అక్కడ పెట్టి ఎట్ల తీస్తవ్? చీటింగ్!"

"రూల్... రూల్ ఉంది" అన్నది దీపాలి. తర్వాతి మాట కోసం వెతుక్కుంటున్నది.

అప్పుడే రాజేశ్ అన్నాడు. రాజేశ్ నోట్లో మాట నిలవదు. "ఖాళీ జాగల కాలు పెట్టి పక్కింటి కోడిని ఎత్తుకపోయినట్టున్నది! కోడిదొంగ!"

తరగతి మొత్తం గొల్లున నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది ఫెబా.

దీపాలి ఇంకేం వెతుక్కోలేదు. తన రాజును మెల్లగా పక్కకు పడుకోబెట్టింది. లేచి తన బెంచీకి పోయింది. సర్ వచ్చేసరికి ఆట ముగిసింది. ఫెబా పేరు రాసుకున్నారు.

ఇదంతా విని తాత తల ఊపాడు. "చీటింగే. అరవై ఏండ్ల సంది ఆడుతున్న, ఇసొంటిది చూడలే."

"పక్కా చోరీ" అన్నాడు శంకరప్ప. "మా ఊర్ల అయితే పంచాయితీ అయ్యేది."

ఇద్దరూ ఒక మాట మీదికి రావడమంటే మామూలు సంగతి కాదు. అయినా ఫెబాకు నెమ్మది కలగలేదు.

"అమ్మా, ఫోన్ జర ఇయ్యవా?"

అమ్మ ఫోన్‌లో చెస్ ఉంది. ఇద్దరు ఆడుకునేటట్టు పెట్టి, ఫెబా పొద్దుటి ఎత్తులన్నీ వేసుకుంటూ వచ్చింది. తన బంటును రెండు గడులు జరిపింది. దీపాలి బంటు మీద వేలు పెట్టింది. ఏ పావును ముట్టుకున్నా అది పోగలిగే గడుల్లో ఫోన్ చుక్కలు చూపిస్తుంది.

ఫోన్ రెండు చుక్కలు చూపించింది. ఒకటి ముందున్న గడిలో. రెండోది మూలగా, ఆ ఖాళీ గడిలో.

ఫెబా ఆ చుక్కను ముట్టుకుంది. దీపాలి బంటు అక్కడికి పోయింది. ఫెబా బంటు మాయమైంది.

"తాతా! ఫోన్ గూడ అట్లనే చేస్తున్నది!"

"ఖరాబైనట్టున్నది" అన్నాడు తాత.

"ఛార్జింగ్ పెట్టి చూడు" అన్నాడు శంకరప్ప. "ఆకలైతే మనిషైనా తప్పు చేస్తడు, ఫోన్ ఎంత?"

ఫెబా ఆట మూసి మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అదే చుక్క. ఇంకోసారి. అదే చుక్క. మూడోసారి ఆమె ఆ చుక్కను ముట్టుకోలేదు. ఊరికే చూస్తూ కూర్చుంది.

అమ్మ చేతికంటిన పిండి దులుపుకుంటూ వచ్చి వెనక నిలబడింది. "ఆ పిల్ల ఏమన్నది?"

"ఏమనలే. రాజును పండబెట్టి పోయింది."

"ఊ" అన్నది అమ్మ. ఇంకేం అనలేదు. పొయ్యి మీద రొట్టె మాడుతుందని లోపలికి పోయింది.

ఇంకేదైనా అన్నా బాగుండేదని ఫెబాకు అనిపించింది.

సోమవారం దీపాలికి చెప్పెయ్యాలి అనుకుంది. చెవిలో మెల్లగా. "నీ రూల్ నిజమేనంట, ఏమనుకోకు" అంటే సరిపోతుంది. దీపాలి ఎట్లాగూ ఎవరికీ చెప్పదు. భాల్కికి పోవడం భాల్కికి పోవడమే.

మరునాడు ఆదివారం. చర్చిలో ప్రార్థన అయిపోవస్తుండగా తాత లేచి నిలబడ్డాడు. ఎవరూ నిలబడమనలేదు.

"అయ్యగారూ, మా ఫెబా చదరంగంల గెలిచి భాల్కి పోతాంది. దాని కోసం ప్రార్థన చెయ్యాలె."

అందరూ చప్పట్లు కొట్టారు. పాస్టర్ అయ్యగారు కళ్లు మూసుకొని ఫెబాకు తెలివి, ధైర్యం, నిజాయితీ ఇవ్వమని ప్రార్థించారు. మూడో మాట దగ్గర ఫెబా కళ్లు తెరిచింది. అయ్యగారికి ఎవరైనా చెప్పారా ఏంది? లేదు, ఆయన కళ్లు మూసుకునే ఉన్నారు.

సోమవారం ఫెబా బడికి ముందే పోయింది. తలుపు దగ్గరే నిలబడింది. దీపాలి రాగానే పక్కకు పిలిచి చెప్పెయ్యాలి.

దీపాలి వచ్చింది. ఫెబా నోరు తెరిచే లోపల వెనక బెంచీలో నుంచి వినిపించింది.

"కొక్కొక్కో..."

ఇంకో మూల నుంచి ఇంకొకరు. "కొక్కొక్కొక్కో!"

తరగతి అంతా కోళ్ల గంప తెరిచినట్టయింది. దీపాలి ఎవరి వైపూ చూడలేదు. బెంచీలో కూర్చొని పుస్తకం తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆ పుస్తకం తలకిందులుగా ఉంది.

ఫెబా అది చూసింది. చెవిలో మెల్లగా చెప్పే మాట ఇప్పుడు ఎందుకు పనికొస్తుంది? తను అరిచింది చెవిలో కాదు కదా.

సంగమేష్ సర్ లోపలికి వచ్చారు. కోళ్లన్నీ మాయమయ్యాయి.

"మన ఫెబా వచ్చే శనివారం భాల్కి పోతుంది. అందరూ చప్పట్లు కొట్టండి."

"సర్, చప్పట్లు వద్దు" అని ఫెబా లేచింది. బెంచీని పట్టుకుంది. "దీపాలి చీటింగ్ చెయ్యలేదు. ఆమె వేసిన ఎత్తు రూలే. నాకే తెలియక అరిచిన. తెలిసినంక గూడ రెండు రోజులు చెప్పలేదు."

"ఖాళీ గడిలో పెట్టి పక్క బంటును తీసుడు రూలా?" రాజేశ్ నమ్మలేదు.

ఫెబా నల్లబోర్డు దగ్గరికి పోయి సుద్దముక్క తీసుకుంది. గడులు గీసింది. దీపాలి బంటును ఒక గడిలో, తన బంటును దాని పక్క గడిలో గీసింది. దీపాలి బంటు నుంచి ఖాళీ గడికి బాణం గుర్తు వేసింది. తన బంటును తుడిచేసింది. తన చేత్తో తుడవడం కొంచెం కష్టంగానే ఉంది.

సర్ బోర్డు వైపు చూశారు. తర్వాత ఫెబా వైపు చూశారు. తర్వాత చెవి గోక్కున్నారు.

"ఇది నా తప్పు కూడా" అన్నారు. "పాత ఆటలో బంటుకు ఒక్క గడే ఉండేది. ఆట తొందరగా సాగాలని మొదటిసారి రెండు గడులు ఇచ్చారు. కానీ అట్లా ఇస్తే బంటు ఎదుటి బంటుకు దొరకకుండా పక్క నుంచి జారిపోతుంది కదా? అందుకని ఈ రూలు పెట్టారు. తీస్తే వెంటనే తియ్యాలి, ఒక ఎత్తు ఆగితే తియ్యకూడదు. నేను మీకు మొదటిది చెప్పిన, రెండోది చెప్పనేలేదు."

"నాకు మొదటిది బాగ నచ్చింది సర్" అన్నది ఫెబా. "అందుకే ఇంకేమన్న ఉన్నదా అని అడగలేదు."

సర్ నవ్వారు. "దీపాలీ, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మళ్లీ ఆడతారా? పావులు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తుందా?"

దీపాలి ముఖం ముందు నుంచి పుస్తకం దించింది. వచ్చి చెస్ బోర్డు ముందు కూర్చుంది. ఒక్కొక్క పావే పెట్టింది. తనవి పెట్టింది. ఫెబావి కూడా పెట్టింది. ఒక్కచోట కూడా ఆగలేదు. చివరికి ఫెబా బంటును తీసి బల్ల మీద పెట్టి, "నీ ఎత్తు" అన్నది.

"ఈమెకు అన్నీ యాదికున్నయిరా!" అన్నాడు రాజేశ్ నోరు తెరిచి.

ఆ ఆట మధ్యాహ్నం గంట కొట్టేదాకా సాగింది. ఫెబా ఊరికే ఓడిపోలేదు. గుర్రంతో దీపాలి ఏనుగును తీసింది. ఒకసారి దీపాలి గోరు కొరుక్కుంటూ చాలాసేపు కూర్చోవలసి వచ్చింది. కానీ ఆ మూలగా పోయిన బంటు ముందుకు, ఇంకా ముందుకు పోయింది. ఆఖరి గడి చేరి మంత్రి అయింది. ఫెబా రాజుకు ఇక పోవడానికి దారి లేకుండా పోయింది.

"చెక్‌మేట్" అన్నది దీపాలి మెల్లగా.

ఫెబా బోర్డు వైపే చూసింది. భాల్కి చేజారింది. కానీ శనివారం నుంచి తలలో గిర్రున తిరుగుతున్న ఆట ఆగింది. రెండూ ఒకేసారి జరిగాయి.

దీపాలి ఒక మాట కోసం వెతుక్కుంటున్నది. ఈసారి ఫెబా ఆగింది. ఎంతసేపైనా ఆగుదామనే ఆగింది.

"నీ గుర్రం" అన్నది దీపాలి చివరికి. "నన్ను... చాలా భయపెట్టింది."

ఇద్దరూ నవ్వారు. అన్నం గిన్నెలు తెచ్చుకొని బోర్డు పక్కనే తిన్నారు. ఆ గుర్రం ఇంకో గడిలోకి పోయి ఉంటే ఏమయ్యేదో చూడాలని, తింటూనే పావులు మళ్లీ పేర్చారు. బోర్డు మీద రెండు మెతుకులు పడ్డాయి. వాటిని కూడా పావులే అనుకున్నారు.

సాయంత్రం ఇంట్లో ఫెబా అంతా చెప్పింది. అమ్మ దగ్గరికి తీసుకొని తల నిమిరింది. తాత మాత్రం ఫోన్ వైపు, ఫెబా వైపు మార్చి మార్చి చూశాడు.

"చర్చిల అందరికి చెప్పిన గదనే! అయ్యగారు ప్రార్థన గూడ చేసిండు."

"దీపాలి పేరు మీదికి మార్చమను తాతా."

"ప్రార్థన ఏమన్న రేషన్ కార్డా, పేరు మార్చనీకి?" అన్నాడు తాత. "అయినా అడిగి చూస్త."

శుక్రవారం మధ్యాహ్నం ఫెబా తరగతిలో బెంచీ ఎక్కి నిలబడింది. "రేపు పొద్దున ఏడు గంటలకు సర్‌తోని దీపాలి భాల్కి బస్సు ఎక్కుతది. అందరు బస్టాండుకు రావాలె. బస్సు కదిలేటప్పుడు దీపాలి పేరు గట్టిగ అరవాలె."

"రేపు రెండో శనివారం, సెలవు దినం! పొద్దుగాల్నే లేవాల్నా?" రాజేశ్ గోల పెట్టాడు.

"కోడి లెక్క కూసినవ్ గదా. పొద్దుగాల్నే లేవనీకి నీకేం కష్టం?"

అందరూ విరగబడి నవ్వారు. రాజేశ్ చెవులు ఎర్రబడ్డాయి. "వస్త తియ్" అన్నాడు.

ఆ రాత్రే ఫెబా అమ్మకు ఈ సంగతి చెప్పింది. తాతకు చెప్పలేదు. శంకరప్పకు అసలే చెప్పలేదు. ఫెబా ఓడిందని విని ఆయన ఒకరోజు ముందే చింతకి నుంచి దిగాడు. ఇద్దరికీ చెబితే ఇద్దరూ బస్టాండుకు వస్తారు. అక్కడ కూడా బంటు ఒక గడా, రెండు గడులా అని కొట్లాడుకుంటారు. బస్సు పోయినా వాళ్లకు తెలియదు.

శనివారం ఇంకా ఎండ రాలేదు. వరండాలో ముసలివాళ్లిద్దరూ చాయ తాగుతూ గుసగుసలాడుతున్నారు. తాత గుసగుస వీధి చివరి దాకా వినిపిస్తుంది.

"మెల్లగ మాట్లాడు. పిల్ల పండుకున్నది. మనసు నొచ్చి ఉంటది."

"లేవంగనే ఆట పెడదాం. నేను కావాలని ఓడిపోత" అన్నాడు శంకరప్ప.

"నువ్వు కావాలని ఓడుడెందుకు? మామూలుగ ఆడు, చాలు."

"భాల్కి పేరు ఎత్తకు మళ్ల."

"నేనెందుకెత్తుత? ఎత్తింది నువ్వు!"

ఫెబా వెనక తలుపు నుంచి బయటికి వచ్చింది. జడలు వేసుకొని, ముఖం కడుక్కొని, తయారుగా ఉంది. పెరట్లో నల్లా దగ్గర అమ్మ బిందె పట్టుకుంటున్నది. ఫెబా పెదవుల మీద వేలు పెట్టుకుంది. అమ్మ తడి చెయ్యి కొంగుకు తుడుచుకొని, వదులుగా ఉన్న ఒక రిబ్బన్‌ను గట్టిగా ముడేసింది.

సందు చివర రాజేశ్ ఆవులిస్తూ నిలబడి ఉన్నాడు. వాడి వెనక ఇంకో నలుగురు.

ఫెబా చప్పుడు చెయ్యకుండా పెరటి గేటు దాటింది. దాటగానే పరుగు అందుకుంది.